బట్టల కాగితం మీద వీరగల్లు

పరిశోధన చేస్తున్న పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. వాళ్ళలో కొందరి సంగతి గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి పని చేసి ఉంటారు, ఒక్క పేజీ కూడా ఎవరికీ చూపించి ఉండరు. ఎందుకని అడిగితే ఇంకొంచెం సరిచూసుకోవాలంటారు. ఆ కొంచెం ఎంత పెద్దదో నాకు తెలుసు. అందుకని వాళ్ళను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక రాయి సంగతి చెబుతాను. ఇన్నాళ్ళూ నోటితో చెప్పినదాన్ని ఈసారి కాగితం మీద పెడుతున్నాను. శాసనాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, చెప్పుకోవడానికి చాలా ఊళ్ళున్నాయి, చాలా రాళ్ళున్నాయి. కానీ గర్వంగా ఒక్కటి చెప్పమంటే ముందు నోటికి వచ్చేది ఉద్యోగం రాకముందటి ఈ సంగతే.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. బెంగళూరులో ఎం.ఏ. ముగించి ఒక ఆచార్యుల దగ్గర పరిశోధక విద్యార్థిగా చేరాను. మాది చిక్కపేటలో బట్టల అంగడి. తాతల కాలంలో కదిరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. నా చదువు మీద మా నాన్నకు గౌరవం ఉండేది గానీ అదేమిటో అంతుపట్టేది కాదు. మీవాడు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే, రాళ్ళు చదువుతున్నాడని చెప్పేవాడు. అది నిజమే. నేను తీసుకున్న విషయం బెంగళూరు చుట్టుపక్కల ఉన్న వీరగల్లులు. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి ప్రాణం పోగొట్టుకున్నవాడి పేరున ఆనాటివాళ్ళు నిలబెట్టిన రాళ్ళు అవి. వాటి మీద కత్తి పట్టుకున్న బొమ్మ, కింద ఆవులు, బొమ్మల నడుమ పట్టీల మీద నాలుగైదు వరుసల పాత కన్నడ రాత ఉంటాయి.

ఆ రాతను చదవాలంటే ముందు అచ్చు తీయాలి. రాతిని నీళ్ళతో కడిగి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్షుతో తట్టాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. తరువాత మసిలో ముంచిన గుడ్డ ఉండతో పైపైన అద్దితే రాయి నల్లగా, అక్షరాలు తెల్లగా తేలతాయి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు కాగితం ముడత పడుతుంది, చిరుగుతుంది, మసి ఒకచోట ఎక్కువై అక్షరం పూడిపోతుంది.

ఇక నా తత్వం చెప్పాలి. చిన్నప్పటినుంచి తరగతిలో నేనే మొదటివాణ్ణి. పంతుళ్ళు నా పుస్తకాన్ని పైకెత్తి మిగతా పిల్లలకు చూపించేవాళ్ళు. రాత అంటే ఇలా ఉండాలనేవాళ్ళు. ఆ పొగడ్త నాలో ఎక్కడో గట్టిగా కూర్చుంది. కొట్టివేత ఉన్న పేజీ చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఒక వాక్యం తప్పితే పేజీ మొత్తం తిరిగి రాసేవాణ్ణి. పరీక్షల్లో ఇది బాగానే పనికివచ్చింది, ఎందుకంటే పరీక్షకు గంట కొడతారు, కాగితం లాక్కుంటారు. పరిశోధనకు గంట కొట్టేవాడు లేడు.

కె.ఆర్.పురం దాటాక, పాత మద్రాసు రోడ్డుకు కాస్త లోపల, రాగిచేను గట్టున ఒక వీరగల్లు ఉండేది. ఆ ప్రాంతంలో దొరికినవాటిలో అదే పాతది. చనిపోయినవాడి పేరు చక్కగా కనిపించేది. అతని ఊరి పేరులో మాత్రం నడుమ రెండక్షరాలు పెచ్చు లేచిపోయాయి. ఆ రెండు అక్షరాలూ నేను అనుకున్నవే అయితే అతను తూర్పున తెలుగు సీమ నుంచి వచ్చినవాడవుతాడు. నాకు అతను అలాగే కావాలి. పొద్దుటి ఎండలో ఒకలా, సాయంకాలపు ఎండలో ఇంకోలా కనిపించే ఆ పెచ్చును చూడటానికి సైకిలు మీద ఎన్నిసార్లు వెళ్ళానో నాకే తెలియదు. వెళ్ళినప్పుడల్లా అచ్చు తీసేవాణ్ణి. తీసిన ప్రతిదానిలో ఏదో ఒక లోపం కనిపించేది. మచ్చపడ్డ ప్రతిని ఇంటికి మోసుకుపోవడం ఇష్టంలేక అక్కడే చించి పారేసేవాణ్ణి.

నాతోపాటు అదే ఆచార్యుల దగ్గర ఇంకొకతను చేరాడు. మాలూరు వైపు రైతు కుటుంబం. అతనిది నాకు పూర్తిగా ఎదురు పద్ధతి. పొద్దున వెళ్ళి సాయంకాలానికి మూడు ఊళ్ళ అచ్చులు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఏ అచ్చు ఏ ఊరిదో వెనక రాసుకోవడం మరిచిపోయేవాడు. ఒకసారి బొమ్మనహళ్ళి రాయిని ఇంకో ఊరికి అంటగట్టి, దాని మీద ఆ ఊరి చరిత్ర కూడా కొంత రాసేశాడు. నేను చూసి చెబితే నవ్వి, పోనీలే రెండూ మన పక్కూళ్ళే కదా అన్నాడు. నేను చేను గట్టున గంటల తరబడి కూర్చుంటానని తెలిసి, రాయి లేచి నీతో మాట్లాడేదాకా ఆడే ఉంటావా అప్పా అని ఎగతాళి చేసేవాడు.

ఆచార్యులు మితభాషి. ఒకరోజు నన్ను పిలిచి, అచ్చులకు వాడే దళసరి కాగితం ఇక బజారులో దొరకదని, యుద్ధం ముగిసేదాకా ఆశ వదులుకోవాలని చెప్పారు. తన బీరువాలో ఉన్న తావులు దాదాపు అన్నీ అప్పటికే నాకు ఇచ్చేశానని గుర్తుచేసి, ఆ రాగిచేను రాయి అచ్చు చూపించమన్నారు. లేదన్నాను. ఎందుకు లేదో చెప్పాను.  ఆయన మెల్లగా, దసరా తరువాత విద్యార్థివేతనాల కమిటీ కూర్చుంటుందని, నా చేతిరాతలో ఒక్క అధ్యాయమైనా లేకపోతే నా తరఫున మాట్లాడటం తనవల్ల కాదని అన్నారు. చెడ్డ అధ్యాయం తెస్తే బాగుచేయగలను, లేని అధ్యాయాన్ని ఏం చేయమంటావు అని కూడా అడిగారు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఇంట్లో ఈ సంగతి నేను చెప్పలేదు. కానీ మా నాన్నకు ఎలా తెలిసిందో, అంగడిలో గుమాస్తా మానేస్తే కొత్తవాణ్ణి పెట్టలేదు. ఆ గద్దె ఎవరికోసం ఖాళీగా ఉంచాడో నాకు అర్థమైంది.

ఆ వానాకాలంలోనే ఒక ఉదయం నా సహాధ్యాయి నేరుగా మా అంగడికి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఊరినుంచి రైల్లో వస్తూ, కె.ఆర్.పురం దగ్గర రోడ్డు పక్కన పొడుగాటి రాతిబండలు బండ్లకెత్తడం చూశాడట. అనుమానం వచ్చి స్టేషనులో దిగి నడిచి వెళ్ళాడు. అక్కడినుంచి ఏదో లారీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నీ రాయి తీసేస్తా ఉండారప్పా," అన్నాడు. "మిలిట్రీ లారీలు పోయేదానికి మోరీ కడతారంట. రాయి ఆడ అక్కరగా ఉండాదంట. మధ్యాన్నం బండ్లు తిరిగొస్తానే ఎత్తేస్తారు."

నా దగ్గర మసి ఉంది, బ్రష్షు ఉంది. కాగితం లేదు, ఆచార్యులు ఇచ్చిన తావులన్నీ ఆ చేను గట్టునే చించి పారేశాను. చుట్టూ చూస్తే కనిపించినది మిల్లు నుంచి వచ్చే బట్టల మూటలకు చుట్టే ముతక కాగితం. గోధుమరంగు, ఒకవైపు గరుకు. ఆచార్యులు చూస్తే ముట్టుకోరు. మా నాన్న ఏమీ అడగకుండా రెండు పెద్ద తావులు విప్పి, మడతలు చేత్తో సాపుచేసి, చుట్టి ఇచ్చాడు. పక్క అంగడి ఆయన సైకిలు ఇచ్చాడు. ఇద్దరం రెండు సైకిళ్ళ మీద బయలుదేరాం.

మేము చేరేసరికి రాయి చుట్టూ మట్టి తవ్వేశారు. గడ్డపారలు ఆనించి ఉన్నాయి. రాయి కొంచెం పక్కకు ఒరిగి ఉంది. పని చేయించే మేస్త్రీ చెడ్డవాడేమీ కాదు. నేను చెప్పినదంతా నిలబడి విన్నాడు. ఇది చాలా పాతదని, దీన్ని చదవడానికే నేను చదువుకుంటున్నానని, ఇంకో బండ వాడుకోమని చెప్పాను. ఇంత పొడుగు బండ చుట్టుపక్కల లేదన్నాడు. ఆచార్యుల చేత ఉత్తరం రాయిస్తానన్నాను. దొర సాయంకాలానికి వచ్చి పని చూస్తాడని, అతని చేత రాయించుకు రమ్మని అన్నాడు. ఆ దొర ఎక్కడుంటాడో అతనికే తెలియదు. రోడ్డు కింద నీళ్ళు పోయే ఆ మోరీకి ఇంతే పొడుగువి రెండు కావాలని, రాయిని నిలువునా నడుమకు చీలుస్తారని కూడా అప్పుడే చెప్పాడు. చీల్చడానికి గీత గీసేశారు కూడా. ఆ గీత రాతకు అడ్డంగా పోతోంది.

అంతలో చేనుగలామె వచ్చింది. ముసలావిడ, గట్టి మనిషి. చాలాసార్లు నన్ను ఆ గట్టున చూసినా ఎన్నడూ పలకరించి ఎరగదు. ఆ రాయి తమ ఇంటి పెద్దాయన అని, ఆయన్ను పూజ చేయకుండా కదిలిస్తే ఒప్పుకోనని మేస్త్రీకి చెప్పింది. బండ్లవాళ్ళు కూడా ఆమె పక్షమే పట్టారు. పూజ లేకుండా తాము చెయ్యి వేయమన్నారు. మేస్త్రీ ఆకాశం వైపు చూసి, సరే, జల్దీగా కానివ్వమన్నాడు. ఆమె ఇంటివైపు బయలుదేరి, నా పక్కగా వచ్చినప్పుడు మాత్రం నిలబడి మెల్లగా అంది:

"నువ్వు నిదానంగా రాసుకో నాయనా. టెంకాయ తెచ్చేది నా చేతిలో ఉండాది."

అంత నెమ్మదిగా నడిచిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రాతిని కడిగి కాగితం పరిచాం. ఒక తావు చాలలేదు, రెండోది అంచు మీద అంచు వేసి అతికించాం. తట్టడం మొదలుపెట్టానో లేదో తుంపర మొదలైంది. నా సహాధ్యాయి తన పైపంచె విప్పి, ఒక కొస మేస్త్రీ చేతికిచ్చి, రాయి మీద పందిరిలా పట్టాడు. మేస్త్రీ ఏమనుకున్నాడో గానీ పట్టుకున్నాడు. ముతక కాగితం అక్షరాల్లోకి దిగదు. గట్టిగా తడితే చిరుగుతుంది, మెల్లగా తడితే గుంట పట్టదు. ఎలాగో దిగింది. మసి అద్దడం మొదలుపెట్టాను. మూడో వరుస దగ్గరికి వచ్చేసరికి అతుకు జారింది. ఒక పెద్ద ముడత లేచింది, దాని పక్కన మసి గడ్డకట్టింది.

చెయ్యి దానంతటదే కాగితం కొస మీదికి పోయింది. పీకేసి మళ్ళీ మొదటినుంచి చేయాలి. అంతకుమించి ఇంకో ఆలోచన లేదు నాకు. అలవాటు అంత పని చేస్తుంది. నా సహాధ్యాయి పంచె వదిలేసి నా మణికట్టు పట్టుకున్నాడు.

"తీయొద్దప్పా. మనకాడ ఉండేది ఇదొక్కటే."

అతని పట్టు గట్టిది. నేను కాగితం వంక చూశాను. ముడత ఉంది, మచ్చ ఉంది. మచ్చకు ఇవతల నాలుగక్షరాలు, అవతల ఐదక్షరాలు తెల్లగా తేలి ఉన్నాయి. నేను ఇన్నాళ్ళూ మచ్చనే చూస్తూ వచ్చాను కదా అనిపించింది ఆ క్షణంలో. మణికట్టు విడిపించుకుని, నాలుగో వరుస అద్దాను. ఐదో వరుస కూడా అద్దాను. 

తడి కాగితాన్ని ఇద్దరం శిశువును ఎత్తినట్టు ఎత్తుకుని ముసలావిడ కొట్టంలో గడ్డి మీద పరిచాం. ఆమె టెంకాయతో, పసుపు కుంకుమతో వెళ్ళి పూజ చేసింది. ఆ తరువాత రాతిలో మేకులు దించుతున్న చప్పుడు కొట్టంలోకి వినిపించింది. బయటికి వెళ్ళి చూడాలని నాకు అనిపించలేదు. చప్పుడు ఆగిన తరువాత ముసలావిడ లోపలికి వచ్చి, గడ్డి మీద ఉన్న కాగితం దగ్గర కూర్చుని, బొమ్మ యాడుండాదని అడిగింది. బొమ్మ అచ్చు తీయడానికి కాగితం చాలలేదని, రాత మాత్రమే వచ్చిందని చెప్పాను. పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. పైకి చదవమంది. చదివాను. ఆమె ఆ పేరును ఒకసారి తాను కూడా అంది. పలికిన తీరు సరిగ్గా ఉందో లేదో అడగలేదు.

ఆరిన తరువాత వెలుతురులోకి తెచ్చి చూసుకున్నాం. ముడతలు, మరకలు, గడ్డిపోచల గుర్తులు. నా సహాధ్యాయి చాలాసేపు చూసి, "ఇది నేను తీసినట్టే ఉండాది కదప్పా," అన్నాడు. ఇద్దరం ఆ కొట్టంలో పడీ పడీ నవ్వాం. నా జీవితంలో నేను చించకుండా ఇంటికి తీసుకుపోయిన మొదటి చెడ్డ ప్రతి అది.

అచ్చు తెచ్చుకున్నంత మాత్రాన మనిషి మారిపోడు. రాయడానికి కూర్చుంటే మళ్ళీ అదే పాట, మొదటి పేజీనే తిరగరాస్తూ కూర్చున్నాను. ఈసారి నేనే నా సహాధ్యాయి దగ్గరికి వెళ్ళి ఒక ఒప్పందం చేసుకున్నాను. ప్రతి శనివారం అతను మా ఇంటికి వస్తాడు. ఆ వారం రాసిన పేజీలు ఏ స్థితిలో ఉన్నా తీసుకుపోయి ఆచార్యుల బల్ల మీద పెడతాడు. బదులుగా అతని అచ్చుల వెనక ఊరి పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో నేను చూసిపెడతాను. మొదటి శనివారం అతను పేజీలు లాగుతుంటే నేను రెండో చివర పట్టుకుని వదల్లేదు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, ఎందుకు పెనుగులాడతా ఉండారని అడిగింది.

ఆచార్యులు ఎర్ర పెన్సిలుతో దిద్ది పంపేవారు. పేజీ నిండా ఎర్రగీతలు. మొదటిసారి అన్నం సయించలేదు. రెండోసారి తిన్నాను. కొన్నాళ్ళకు ఆ గీతలు ఎప్పుడు వస్తాయా అని ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఒంటరిగా నెలలు పట్టే పనిని ఆయన పెన్సిలు పొద్దుగూకేలోపు చేసేది.

ఆ రెండక్షరాల సంగతి మాత్రం మిగిలింది. ఇక వెళ్ళి చూసుకోవడానికి రాయి లేదు. నా సహాధ్యాయి, నీకు కావల్సిన ఊరే రాసుకో, కాదనేందుకు రాయి లేదు కదా అన్నాడు. ఎగతాళికే అన్నాడు గానీ, నిజం చెబుతున్నాను, మనసు అటు లాగింది. వాక్యం ఎంత నిండుగా ఉంటుంది. తెలుగు సీమ నుంచి వచ్చిన వీరుడు. అధ్యాయానికి ఎంత చక్కటి ముగింపు. చివరికి ఆ చోట రెండు చుక్కలు పెట్టి, ఇక్కడ అక్షరాలు పోయాయి, ఏవో చెప్పలేను అని కింద రాశాను. కొట్టివేతనే ఓర్చలేనివాణ్ణి నేను, ఒక ఖాళీని నా చేతులారా పేజీ నడుమ వదిలాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

దసరా తరువాత కమిటీ కూర్చుంది. వేతనం నిలిచింది. మరుసటి ఏడు సిద్ధాంత వ్యాసం అందజేశాను. పరీక్షించడానికి బయటినుంచి వచ్చిన పండితుడు పెద్దవారు, కటువుగా మాట్లాడతారని పేరు. మౌఖిక పరీక్షలో ముందు నా తప్పు ఒకటి పట్టుకున్నారు. ఇంకో ఊరి శాసనంలో తిథిని తప్పు లెక్కగట్టాను. పుస్తకం నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించారు. అంతకు రెండేళ్ళ ముందైతే నేను ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయి నేరుగా అంగడిలో కూర్చునేవాణ్ణి. ఆ రోజు చూసుకుని, తప్పేనని, సరిదిద్దుతానని అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. ఆయన తల ఊపి పేజీ తిప్పారు.

తరువాత ఆ రెండు చుక్కల దగ్గర ఆగారు. ఇక్కడ ఫలానా ఊరి పేరు పెట్టవచ్చు కదా అన్నారు. సరిగ్గా నేను కోరుకున్న ఊరే. నా పక్కన కూర్చున్న ఆచార్యులు నావైపు చూశారు. నాకూ ఆ పేరే తోచిందని, కానీ రాతి మీద అది కనిపించలేదని, తోచినదాన్ని కనిపించినదిగా రాయలేనని చెప్పాను. ఆ పండితులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తాను ముప్పయ్యేళ్ళుగా ఈ పని చేస్తున్నానని, ఇలాంటి చోట చుక్కలు పెట్టడం తాను నేర్చుకున్నది నడివయసులో అని అన్నారు. వ్యాసాన్ని పుస్తకంగా వేసేటప్పుడు ఆ రాతి అచ్చును కూడా చేర్చాలని ఆచార్యులకు చెప్పి వెళ్ళారు. ఆ రోజు వరండాలో నా సహాధ్యాయి కాచుకుని ఉన్నాడు. నేను చెప్పకముందే నా ముఖం చూసి అతనికి తెలిసిపోయింది. మరుసటి నెలలో అతనూ గట్టెక్కాడు. ఒక్క ఊరి పేరు కూడా తారుమారు కాలేదు.

ఉద్యోగంలో చేరాక నేను ఎంతోమందికి అచ్చు తీయడం నేర్పాను. శుభ్రంగా తీయమనే చెబుతాను. శుభ్రత మీద నాకు ఇప్పటికీ మోజు పోలేదు, ఈ నాలుగు పేజీలు కూడా రెండుసార్లు తిరగరాశాను. కానీ తీసిన మొదటి ప్రతిని చించవద్దని, ఎంత చెడ్డగా వచ్చినా ముందు దాన్ని ఎవరికైనా చూపించమని చెబుతాను. చాలామంది విన్నారు. అది నా ఉద్యోగంలో నాకు మిగిలిన గొప్ప సంతృప్తి.

పుస్తకం అచ్చుకు వెళ్ళినప్పుడు ఆ రాతి అచ్చును ముద్రించే లోహపు బ్లాకు చేయించడానికి అవెన్యూ రోడ్డులో ఒకాయన దగ్గరికి నేనే వెళ్ళాను. పాత బెంగళూరు తెలుగువాడు, పనిమంతుడు. ఆ గోధుమరంగు కాగితాన్ని బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి మూలమూలా చూశాడు. ముడతలను ఏమీ చేయలేనన్నాడు. కింద కుడివైపు మూలకు వచ్చి ఆగాడు.

"ఈడ ఎవురిదో బొటనవేలు పడిండాది సామీ. బ్లాకులో తుడిచేస్తే కనపడదు. తీసేసేదా?"

నేను వంగి చూశాను. అన్నాళ్ళలో నేను గమనించనే లేదు. మసి అంటిన వేలు, గీతలతో సహా స్పష్టంగా పడింది. ఆ రాయి గురించి ఈనాటికీ ఎవరు రాయాలన్నా ఆ బొమ్మే వేయాలి, లోకంలో దానికి ఇంకో ప్రతి లేదు.

"ఉండనీ అప్పా," అన్నాను. "అది నాదే."